సారా కొట్టు దాకా నడిచిన పాఠం

పొద్దుగూకే వేళ. పని నుంచి వచ్చిన తండ్రి అరుగు మీద కూలబడి, బొడ్లో దోపుకున్న నోటు తీసి కొడుకు చేతిలో పెడతాడు. కుర్రాడు పరుగున వెళ్లి సారా ప్యాకెట్టు పట్టుకొస్తాడు. మిగిలిన చిల్లరలో ఓ పావలా వాడికి. 1980లలో తెలుగు పల్లెల్లో దీన్ని ఎవరూ వింతగా చూసేవారు కాదు. ఉప్పుకో కిరసనాయిలుకో పంపినట్టే సారాకీ పిల్లల్నే పంపేవాళ్లు. కొట్టుకు దారి, ప్యాకెట్టు ధర, పంటితో మూల కొరికి తెరిచే ఒడుపు... అ ఆ లు దిద్దకముందే ఈ చదువంతా పిల్లలకు వచ్చేసేది.

ఆ ప్యాకెట్టు ప్రభుత్వం చలవే. కల్తీ లేని సరుకు అందిస్తామంటూ ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరా అమ్మించింది. కుండలో, సీసాలో ఉన్నంతకాలం సారా ఊరి చివర పాకలో ఉండేది. ప్యాకెట్టులోకి ఎక్కాక జేబులో ఇమిడింది, పొలం గట్టుకు వెళ్లింది, బడి పిల్లాడి చేతిలోకీ వచ్చింది. 1970–71లో 39 కోట్ల రూపాయలున్న రాష్ట్ర ఎక్సైజ్ రాబడి 1991–92 నాటికి 812 కోట్లకు చేరింది. ఏ సర్కారుకైనా వదులుకోబుద్ధి కాని సొమ్ము అది.

ఈ దశలోనే నెల్లూరు జిల్లాలో రాత్రి బడులు మొదలయ్యాయి. 1988లో కేంద్రం జాతీయ సాక్షరతా మిషన్ పెట్టింది. 1990లో కేరళలోని ఎర్నాకుళం దేశంలో తొలి సంపూర్ణ అక్షరాస్యత జిల్లాగా పేరు తెచ్చుకుంది. ఆ ఊపు 1991లో నెల్లూరును తాకింది. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, ఉపాధ్యాయులు, చదువుకున్న కుర్రకారు కళాజాతలతో పల్లెలు తిరిగారు. పాటలు పాడారు, వీధి నాటకాలు వేశారు, పలకా బలపం పంచారు. బడికి వచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. కూలి పని ముగించుకుని, పొయ్యి ఆర్పి, చంటిబిడ్డను ఒళ్లో వేసుకుని లాంతరు వెలుగులో కూర్చునేవాళ్లు.

వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఓ పాఠం ఉంది. తాగుబోతు భర్తతో వేగలేక నలిగిపోయే ఓ మామూలు ఇల్లాలి కథ. తాగితే కాలేయం చెడుతుందనో, నరకానికి పోతారనో ఆ పాఠం చెప్పదు. కథ చదివించి, చర్చకు వదిలేస్తుంది. చదవడమంటే అక్షరాలు కూడబలుక్కోవడం ఒక్కటే కాదని, చదివినదాన్ని తమ బతుకుతో పోల్చి మాట్లాడుకోవడమని వాచకం రాసినవాళ్లు నమ్మారు. బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రయిరీ ఆలోచనల ప్రభావం మన అక్షరాస్యతా ఉద్యమం మీద గట్టిగానే ఉన్న రోజులవి. సీతమ్మ కథ విన్న ఆడవాళ్లకు పక్కింటి మనిషి గుర్తుకురాలేదు. తామే గుర్తుకొచ్చారు. కొన్నిచోట్ల తాగినవాళ్లు బడి జరుగుతుండగానే వచ్చి పడి రభస చేసేవాళ్లు. చదువు సాగాలన్నా ముందు సారా కొట్టు సంగతి తేలాల్సి వచ్చింది.

కలిగిరి మండలంలోని దూబగుంటలో అది తేలింది. తాగి మత్తులో ఉన్న కూలీలు ఊరి చెరువులో పడి చనిపోవడంతో ఆడవాళ్ల సహనం చచ్చింది. వాళ్లు గుంపుగా వెళ్లి ముందు కల్లు బండిని ఆపారు. తర్వాత సారా వంతు. సరుకు తెచ్చిన వాహనానికి అడ్డం నిలబడ్డారు. పోలీసులు వచ్చినా కదల్లేదు. కలెక్టరు దగ్గరికి పోతామన్నారు, మా ఊళ్లో కొట్టు వద్దంటే వద్దన్నారు. ముందు నిలిచిన వాళ్లలో వర్ధినేని రోశమ్మ ఒకరు. ఆమెను రాష్ట్రమంతా దూబగుంట రోశమ్మగానే ఎరుగుదురు. 2016లో కన్నుమూసేదాకా ఊరి పేరే ఆమెకు ఇంటిపేరైంది.

అప్పుడు వాచకం రాసేవాళ్లు ఓ గొప్ప పని చేశారు. దూబగుంటలో జరిగినదాన్నే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా రాసి, అక్షరాలు వచ్చినవాళ్ల కోసం వేసిన తర్వాతి పుస్తకంలో చేర్చారు. పాఠం ఊరిని కదిలిస్తే ఊరు మళ్లీ పాఠమైంది. ఆ పాఠం జిల్లాలోని వందల ఊళ్లకు వెళ్లింది. చదివిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న: వాళ్లకు చేతనైంది మనకెందుకు చేతకాదు?

1992 వచ్చేసరికి చీపుళ్లు, కారప్పొడి పొట్లాలు పట్టుకుని ఆడవాళ్లు కొట్ల ముందు కాపు కాశారు. ప్యాకెట్లు కుప్పపోసి తగలబెట్టారు. తాగి వచ్చిన మొగుడికి తిండి పెట్టలేదు. ఏటా జరిగే సారా వేలం పాటలను ఆ సెప్టెంబరులో నెల్లూరులో జరగనివ్వలేదు. వేలం పెట్టిన ప్రతిసారీ వేలాది మంది వచ్చి అడ్డుకోవడంతో అధికారులు పదేపదే వాయిదా వేయాల్సి వచ్చింది. మల్లాది సుబ్బమ్మ, వావిలాల గోపాలకృష్ణయ్య లాంటి పెద్దలు, వామపక్ష మహిళా సంఘాలు తోడు నిలిచారు. ఈనాడు ‘సారాపై సమరం’ పేరుతో ఉద్యమ వార్తలకు ప్రత్యేకంగా చోటిచ్చింది. అయినా ఇది ఏ పార్టీ పిలుపుతోనో లేచిన ఉద్యమం కాదు. ఒక్కో ఊళ్లో ఒక్కో రోశమ్మ ఉంది. వాళ్లలో చాలామంది పేర్లు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే సంపూర్ణ మద్యనిషేధం దస్త్రంపై సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. రెండేళ్లు గడిచాయో లేదో, 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. ఖజానాకు గండి పడిందనీ దొంగసారా పెరిగిందనీ కారణాలు చెప్పింది. సారా మీద నిషేధం మాత్రం తీయలేదు. అంటే తెలుగు నేల మీద ప్రభుత్వం ఇచ్చిన నిషేధం పోయింది, ఆడవాళ్లు తెచ్చుకున్న నిషేధం నిలిచింది.

నిషేధ చట్టాలు మనకు అంతకుముందూ ఉన్నాయి. 1937లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడు చిత్తూరు, కడపలకు విస్తరించారు. పోయిన ఆదాయాన్ని పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954లో ప్రకాశం పంతులు మంత్రివర్గం మద్యనిషేధంపై సాగిన రగడలో ఒకే ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. ఆ చట్టాలన్నీ పైనుంచి దిగినవే. వాటి చరిత్ర ఎక్కువగా రాబడి లెక్కల చరిత్ర. వాటిలో పిల్లలు ఎక్కడా కనిపించరు.

పిల్లలే కేంద్రంగా, బడే యుద్ధభూమిగా తాగుడు మీద దండెత్తిన కథ వేరే ఉంది. అది అమెరికాలో జరిగింది.

మేరీ హంట్ అనే ఆవిడ మసాచుసెట్స్‌లో ఉండేవారు. 1830లో పుట్టారు, కొంతకాలం బడిలో రసాయనశాస్త్రం చెప్పారు. అమెరికా మహిళలు 1874లో పెట్టుకున్న క్రైస్తవ మద్యపాన వ్యతిరేక సంఘంలో చేరి, బడి పాఠాల విభాగాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఆమె ఆలోచన సూటిగా ఉండేది: ఓటు వేసే మగవాళ్లను మార్చడం కష్టం, రేపు ఓటు వేయబోయే పిల్లల్ని ఇప్పుడే పట్టుకుందాం. శాసనసభ్యులకు ఉత్తరాలు కురిపించారు. 1882లో వెర్మాంట్ రాష్ట్రం మద్యం చేసే హానిని బడిలో బోధించి తీరాలని చట్టం చేసింది. 1886లో దేశ రాజధాని ప్రాంతానికీ కేంద్ర పాలనలోని భూభాగాలకూ అలాంటి చట్టమే వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి ఇలాంటి చట్టం లేని రాష్ట్రం అమెరికాలో మిగల్లేదు. ఏ పుస్తకం బడికి తగుతుందో హంట్ ముద్ర వేస్తేనే ప్రచురణకర్తలకు గిట్టుబాటు.

ఆ తరగతి గదిని ఒక్కసారి చూడాలి. బల్ల మీద గాజు గ్లాసులో ఆల్కహాలు. పంతులమ్మ కోడిగుడ్డు పగలగొట్టి తెల్లసొన అందులో వేస్తుంది. అది చూస్తుండగానే తెల్లగా గడ్డకడుతుంది. తాగేవాడి మెదడూ ఇలాగే అవుతుందంటుంది పంతులమ్మ. ఎనిమిదేళ్ల పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. పుస్తకం తెరిస్తే మద్యం గొంతు లోపలి పొరను కాల్చేస్తుందని, ఎంత కొంచెమైనా అది విషమేనని రాసి ఉంటుంది. ఆదివారం విందులో ఓ గ్లాసు వైను తాగి, మర్నాడు నిక్షేపంగా పనికి వెళ్లే తాత ఆ పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఉన్నాడు. పుస్తకం ఒకటి చెబుతోంది, కళ్లు ఇంకొకటి చూపిస్తున్నాయి.

1893లో ఏర్పడిన యాభైమంది పండితుల సంఘం ఈ పుస్తకాలను పరిశీలించి, వాటిలో శాస్త్రం కంటే అతిశయోక్తి ఎక్కువని 1903లో తేల్చి చెప్పింది. హంట్ చివరిదాకా దాన్ని ఒప్పుకోలేదు. 1906లో ఆమె చనిపోయారు. ఆమె పాఠాలు చదివి పెరిగిన తరం ఓటుకు వచ్చాక దేశమంతటా మద్యనిషేధం తెచ్చింది. 1920 జనవరిలో అమలై, దొంగసారా ముఠాలను పెంచి పోషించి, 1933లో అది ముగిసింది. మేరీ హంట్ నిజాయతీని శంకించాల్సిన పని లేదు. తాగుబోతుల ఇళ్లలో ఆడవాళ్ల దుఃఖం ఆమె ఎరిగినదే. పిల్లలకు నిజం సగమే చెబితే మిగతా సగం తెలిసిన రోజున మొత్తం పుస్తకాన్నే అవతల పారేస్తారన్నది ఆమె లెక్కలోకి రాలేదు.

దాదాపు నూరేళ్ల తర్వాత అమెరికా అదే దారి మళ్లీ తొక్కింది. 1983లో లాస్ ఏంజెలస్ పోలీసు అధిపతి డారిల్ గేట్స్ చొరవతో, అక్కడి విద్యాశాఖతో కలిసి ‘డేర్’ అనే కార్యక్రమం పుట్టింది. యూనిఫాం వేసుకున్న పోలీసు వారం వారం అయిదారు తరగతుల గదికి వచ్చి, మాదకద్రవ్యాలకు ‘వద్దు’ అని ఎలా చెప్పాలో నేర్పేవాడు. పదిహేడు వారాల పాఠాలు. చివర్లో ప్రమాణం, ధ్రువపత్రం, టీషర్టు. తల్లిదండ్రులకు నచ్చింది, ఉపాధ్యాయులకు నచ్చింది, పిల్లలకూ నచ్చింది. 1990లలో ఆ దేశంలో అత్యధిక బడి జిల్లాల్లోకి వెళ్లింది. కానీ 1994లో వెలువడిన ఓ పెద్ద సమీక్ష, 1999లో పదేళ్ల తర్వాత అదే పిల్లల్ని మళ్లీ వెతికి పట్టుకుని చేసిన అధ్యయనం, 2003లో ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ ఇచ్చిన నివేదిక ఒకే మాట చెప్పాయి: ఆ పాఠాలు విన్నవాళ్లకూ విననివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. చివరికి నిర్వాహకులే పాత పాఠాలను పక్కనపెట్టి కొత్తవి తెచ్చుకోవాల్సి వచ్చింది.

మన బడుల్లో ఇప్పుడు జరుగుతున్నది చూస్తే ఈ చరిత్ర గుచ్చుకుంటుంది. జూన్ 26 వస్తుంది. అంతర్జాతీయ మాదకద్రవ్యాల వ్యతిరేక దినం. పిల్లల్ని వరుసగా నిలబెట్టి ప్రమాణం చేయిస్తారు. వ్యాసరచన, ముగ్గుల పోటీ, ప్లకార్డులతో ఊరేగింపు, ఫొటో. ఆ రోజు చెడ్డదేమీ కాదు. ఆ ఒక్క రోజుతో పని అయిపోయిందనుకోవడమే ప్రమాదం.

పని ఎలా అవుతుందో ఓ చలి దేశం చూపించింది. ఐస్‌లాండ్ జనాభా మన సగటు జిల్లాకు కూడా చాలదు. 1989 దాకా అక్కడ బీరు అమ్మకమే నిషిద్ధం. 1990లలో శుక్రవారం రాత్రి రాజధాని రేక్యవిక్ నడిబొడ్డున నడవాలంటే పెద్దవాళ్లు జంకేవాళ్లు. తాగి తూలే పదిహేనేళ్ల పిల్లల గుంపులు, పగిలిన సీసాలు. 1998లో జరిపిన సర్వేలో పదిహేను పదహారేళ్ల వాళ్లలో 42 శాతం మంది గత నెలలో ఒక్కసారైనా తాగి మత్తులో మునిగామన్నారు. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. రోజూ సిగరెట్ కాల్చేవాళ్లు 23 శాతం నుంచి 3 శాతానికి, ఒక్కసారైనా గంజాయి రుచి చూసినవాళ్లు 17 శాతం నుంచి 7 శాతానికి తగ్గారు.

ఆ దేశపు పరిశోధకులు, అమెరికా నుంచి వచ్చిన మనస్తత్వవేత్త హార్వే మిల్క్‌మన్ ముందు చేసిన పని ప్రశ్నలు అడగడం. తాగని పిల్లలెవరు, వాళ్ల సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయి? జవాబుల్లో నాలుగు విషయాలు మళ్లీ మళ్లీ తేలాయి: వారంలో మూడు నాలుగు రోజులు ఆటో పాటో ఉండటం, అమ్మానాన్నలతో గడిపే సమయం, బడిలో తమను పట్టించుకునే మనిషి ఉన్నారన్న నమ్మకం, రాత్రి పొద్దుపోయాక బయట తిరగకపోవడం. ఈ నాలుగింట్లో ఒక్కటి కూడా పాఠ్యపుస్తకంలో లేదు. నాలుగూ పెద్దవాళ్ల చేతిలోవే.

కాబట్టి పెద్దవాళ్లు కదిలారు. పద్దెనిమిదేళ్లు నిండనిదే పొగాకు, ఇరవై నిండనిదే మద్యం కొనకూడదు. రెండింటికీ ప్రకటనలు బంద్. పన్నెండేళ్ల లోపు పిల్లలు చలికాలంలో రాత్రి ఎనిమిదికి, పదహారు లోపు వాళ్లు పదికి ఇంట్లో ఉండాలి. వేసవిలో రెండు గంటలు ఎక్కువ. బడి బడికీ తల్లిదండ్రులు మా పిల్లలకు మందు కొనివ్వం, పెద్దలు లేని పార్టీలకు పంపం అని ఒప్పందం రాసుకున్నారు. రాత్రుళ్లు నలుగురైదుగురు కలిసి వీధుల్లో గస్తీ తిరిగారు. పట్టుకుని కొట్టడానికి కాదు. ఎదురుపడిన నీలికళ్ల కుర్రాడు తమ పక్కవీధి వాడని గుర్తుపట్టి పలకరించడానికి. ఆటలకు, సంగీతానికి పురపాలక సంఘం పిల్లాడి పేరిట ఏటా కొంత సొమ్ము కేటాయించింది. ఏటా సర్వే చేసి, ఏ పేట పిల్లల లెక్క ఆ పేటవాళ్ల ముందు పెట్టారు. దేశం మొత్తం లెక్క వింటే ఎవరూ ఉలిక్కిపడరు. మన బడి లెక్క వింటే ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఐస్‌లాండ్ చిన్న దేశం, ధనిక దేశం. దాని పద్ధతి ఉన్నదున్నట్టు గుంటూరుకో వరంగల్లుకో పట్టుకురావడం కుదరదు. కానీ దూబగుంటకూ రేక్యవిక్‌కూ ఓ పోలిక ఉంది. రెండుచోట్లా పిల్లాడికి ‘వద్దని చెప్పు’ అని నేర్పడంతో ఊరుకోలేదు. వాడి దారిలో ఉన్న కొట్టునూ, వాడి చేతికి వచ్చే చీకటి గంటలనూ పెద్దవాళ్లు తమ బాధ్యత అనుకున్నారు. నెల్లూరు ఆడవాళ్లు అక్కడితో ఆగకుండా, సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు. ‘పొదుపు లక్ష్మి’ అన్నారు దాన్ని. తర్వాత రాష్ట్రమంతటా పెరిగిన డ్వాక్రా సంఘాలకు అది గట్టి ఊతమైంది.

ఇవాళ సరుకు మారింది. ఎయిమ్స్ నిపుణుల ఆధ్వర్యంలో కేంద్రం జరిపించి, 2019లో వెలువరించిన జాతీయ సర్వేలో ఒక్క అంకె ఉపాధ్యాయులంతా గోడ మీద రాసుకోవాల్సినది. వాసన పీల్చే మత్తు పదార్థాల వాడకం పెద్దవాళ్లలో 0.58 శాతం, పది నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో 1.17 శాతం. మిగతా ఏ మత్తులోనూ పిల్లలు పెద్దవాళ్లను మించలేదు, దీంట్లో మించారు. కారణం వెతకనక్కర్లేదు. అది ముఠాల దగ్గర దొరికే సరుకు కాదు. వైట్‌నర్, థిన్నర్, పంక్చర్ సొల్యూషన్... స్టేషనరీ కొట్టులో, సైకిల్ షాపులో పది ఇరవై రూపాయలకు దొరుకుతుంది.

గంజాయి మీద పోరు పెద్ద ఎత్తునే సాగుతోంది. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని ఒకేసారి తగలబెట్టారు. తెలంగాణలో మాదకద్రవ్యాల నిరోధానికి ప్రత్యేక బ్యూరో, ఆంధ్రలో ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక దళం ఏర్పడ్డాయి. చట్టాలకూ కొదవ లేదు. 2003 పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం విద్యాసంస్థకు వంద గజాల లోపు సిగరెట్టు, గుట్కా అమ్మకూడదు. ఆ హద్దును పసుపు గీతతో గుర్తించమని కేంద్ర ఆరోగ్యశాఖ బడులకు సూచించింది. 2015 బాలల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ కింద పిల్లలకు మద్యమో మత్తు పదార్థమో ఇచ్చినవాళ్లకు ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అప్పట్లో అరుగు మీద కూర్చుని కొడుకును సారాకు పంపిన తండ్రిని ఎవరూ తప్పుపట్టలేదు. ఇప్పుడు మత్తును పిల్లాడి చేతికి అందించడం జైలుకు పంపేంత నేరం.

అయితే వంద గజాలంటే తొంభై ఒక్క మీటర్లు. పిల్లాడు నిమిషంలో నడిచేస్తాడు. గీత అవతల ఏముందో, సాయంత్రం ఆరు గంటలకు అక్కడ ఎవరు నిలబడుతున్నారో బడి గోడ లోపలి వాళ్లకు తెలియదు. ఆ వీధివాళ్లకు తెలుసు. ఇస్త్రీ బండి ఆయనకు తెలుసు, టిఫిన్ సెంటరు ఆవిడకు తెలుసు. సైకిల్ షాపు ముందుకు వచ్చి, బడి సంచీ భుజాన వేసుకుని, పంక్చర్ సొల్యూషన్ ట్యూబులు మూడు కావాలని అడుగుతాడు ఓ పన్నెండేళ్ల కుర్రాడు. చిల్లర లెక్కపెట్టుకోకుండా తలెత్తి, “నీ సైకిలేదిరా అబ్బయా?” అని అడగాల్సింది ఆ కొట్టాయనే.